బల్ల సిద్ధం చేసే చేయి

ఘుబ్రా, మస్కట్
22 ఆగస్టు 2008, శుక్రవారం

చెల్లి సూసన్‌కు, కృపక్క వందనాలు.

దేవుడు లేపుతున్నాడు, లేస్తున్నాను. మీరూ అలాగే ఉన్నారని నమ్ముతున్నాను.

సెలవు నుంచి వచ్చాక రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ నువ్వు మాట్లాడావు, కార్డు అయిపోయింది. నేను చెప్పాలనుకున్నది నాతోనే ఉండిపోయింది. అందుకని రాస్తున్నాను. కాగితం మీదైతే ఇద్దరికీ వంతు వస్తుంది.

జూలైలో ఒక శనివారం పొద్దున నాకు మాటిమాటికీ గుర్తొస్తోంది. ఏమీ జరగని పొద్దు అది. కోడి కూయకముందే వంటింట్లో గిన్నె చప్పుడైంది. అమ్మ అనుకున్నాను. లేచి వచ్చి చూస్తే నువ్వు. మీ వీధి నుంచి చీకట్లోనే వచ్చేశావు. తడి జుట్టు ముడి వేసుకొని, పీట మీద కూర్చొని, రాత్రి నానబోసిన ఎండుద్రాక్షను గిన్నెలో పిసుకుతున్నావు. మోచేతి దాకా ఎరుపు. పక్కన వడకట్టే పలచని గుడ్డ, మూత తీసిన ఇత్తడి చెంబు. పెనం మీద పులియని రొట్టె ఒకటి అప్పుడే పొంగి కూలుతోంది. అమ్మ గడప దగ్గర గోడకు ఆనుకొని, బల్ల మీద పరిచే తెల్ల గుడ్డ అంచును వేళ్ళతో తడుముతోంది. కాలువ గట్టున ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"గుడ్డ ఇటియ్యి, నేను వడకడతాను" అన్నాను.

"నువ్వు కూర్చో అక్కా. నాలుగు రోజులుండి పోయేదానివి, చేతులు మరక చేసుకోవడం ఎందుకు?" అన్నావు. నవ్వుతూనే అన్నావు. టీ ఇచ్చావు. చుట్టాలకిచ్చే గాజు గ్లాసులో.

అప్పుడు అమ్మ, "పెద్దమ్మాయ్, మూత తే, ఈగలొస్తన్నాయి" అంది.

నేను లేచాను. నువ్వూ లేచావు. అమ్మ చేయి నీ వైపు చాచి ఉంది.

అంతే జరిగింది. తరువాత టిఫిన్ తిన్నాం.

సూసన్, నేను మొదటిసారి విమానం ఎక్కేటప్పుడు నీ రెండోవాడు నీ చంకలో ఉన్నాడు. అప్పటికే అమ్మ చేతులు వణుకుతున్నాయి. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్లకు ద్రాక్షరసం, రొట్టె మనకు తెలిసిన నాటినుంచి మన ఇంట్లోనే సిద్ధమవుతున్నాయి. "నేను వచ్చేదాకా చూసుకో" అని నీకు చెప్పి వచ్చాను. చూసుకున్నావు. దానికి ప్రతిఫలం దేవుడిస్తాడు.

వచ్చే మార్చితో నా వీసా అయిపోతుంది. ఇక కొట్టించుకోను. ఇక్కడి ఇంటామె అజీజా మామాకు చెప్పేశాను. ఆమె పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఈ ఇంట్లో నా పని అయిపోయింది. ఇంటికి వచ్చాక బల్ల నేను చూసుకుంటాను. పెద్దదాన్ని, వరస నాది.

ఇక్కడి డ్రైవర్ పెంచలయ్య భార్యది భీమవరం. వచ్చే వారం వస్తున్నాడు. అతని చేత ఒక డబ్బా పంపుతున్నాను. మత్రాలో సర్దార్ భాయ్ దుకాణంలో కొన్న నల్ల ఎండుద్రాక్ష, గింజ లేనిది. బల్లకు కొత్త తెల్ల గుడ్డ. తమ్ముడు నెహెమ్యాను పంపి తెప్పించు.

అమ్మకు ఈ ఉత్తరం చదివి వినిపించు. మూత సంగతి వదిలేసి చదువు.

ప్రార్థనలో నిన్ను మరచిపోని
కృపక్క


పెదలంక
9 సెప్టెంబరు 2008

అక్కకు సూసన్ వందనాలు.

నీ ఉత్తరం చదివి ఒక పూట అన్నం తినలేదు. రెండో పూట తిన్నాను, రొయ్యల ఇగురు చేసింది నెహెమ్యా పెళ్ళాం.

మూత గురించి అంత దూరం నుంచి ఎవరైనా ఉత్తరం రాస్తారా? అమ్మ కళ్ళకు పొర కమ్మింది. అటువైపు ఎవరో ఒకరున్నారని చెయ్యి చాచింది. మూత నా పక్కనుంది. టీ చుట్టాల గ్లాసులో ఎందుకిచ్చానంటే మిగతావి కడగలేదు. నువ్వు నవ్వుతూ తాగావు, నేను నమ్మాను. నీ నవ్వు వెనకాల ఇంత ఉందని నాకేం తెలుసు.

సరే, నువ్వు రాశావు కాబట్టి నేనూ రాస్తాను. నువ్వు ఊళ్ళోకి వస్తే అరుగు మీద కుర్చీ వేస్తారు. "మస్కట్ అక్కగారు" అంటారు. నెహెమ్యా నీ ముందు కాలు మీద కాలు వేసుకోడు. నువ్వు తెచ్చిన సబ్బుబిళ్ళ వాసన చూసుకుంటూ అమ్మ వారం రోజులు కూర్చుంటుంది. నేను రోజూ కనబడేదాన్ని, నాకెవరు కుర్చీ వేస్తారు? అమ్మ కాళ్ళకు నూనె రాసేది నేను. ఆసుపత్రికి తిప్పేది నేను. పండక్కి చీర మాత్రం "మా పెద్దది పంపింది" అని వీధంతా చూపిస్తుంది. నేను కొన్నది మడత పెట్టి పెట్టెలో దాస్తుంది.

నాకున్నది నెలకొక్క ఆదివారం. బల్ల మీద గుడ్డ తీసేటప్పుడు అయ్యగారు, "సిద్ధపరచిన చేతులను దీవించు ప్రభువా" అని ప్రార్థన చేస్తారు. అప్పుడు నా చేతుల వంక చూసుకుంటాను. అవీ నువ్వు తీసుకుంటానంటున్నావు. వరస నీదని రాశావు. ఎవరు కట్టారు ఆ వరస? చలికాలం కూడా చీకటితో లేచి తలకు పోసుకొని వెళ్ళినదాన్ని నేను.

డబ్బా వచ్చింది. పెంచలయ్య మంచోడు, బస్సు దాకా తనే మోశాడు. గుడ్డ మూరెడు పొడుగైంది, అయ్యగారి కాలికి తగులుకుంటుంది. మడిచి కుట్టాను. ద్రాక్ష సంగతి అంటావా, పాలకొల్లు ద్రాక్షకు ఏమొచ్చింది? పెరటి చెట్టు మందుకు పనికి రాదు అన్నట్టు ఉంది. పంపావు కాబట్టి వాడతాను.

నీ వంటిల్లు, నీ ఏసీ, నీ అజీజా మామా అందరూ బాగున్నారని తలుస్తాను.

నీ చెల్లెలు
సూసన్

మూత సంగతితో సహా అమ్మకు చదివి వినిపించాను.


ఘుబ్రా
26 సెప్టెంబరు 2008

సూసన్‌కు, నీ ఇంటికి సమాధానం కలగాలి.

రంజాన్ నడుస్తోంది. పగలంతా పొయ్యి వెలగదు. సాయంత్రం ఒక్కసారిగా పది వంటలు. ఈ శుక్రవారం హమ్రియాలో మన తెలుగువాళ్ళ కూడికకు వెళ్ళలేకపోయాను. గదిలోనే మోకరించాను.

పాలకొల్లు ద్రాక్ష బాగాలేదని నేను అనలేదు. మంచిది దొరికింది, పంపాను. నువ్వు దానిలో వేరేది చదివావు.

నీ చేతులు నేను తీసుకోవడం లేదు. నీకిచ్చి వచ్చిన పని తిరిగి అడుగుతున్నాను. రెండూ ఒకటి కాదు.

కుర్చీ సంగతి రాశావు. కుర్చీ వేసేది లేచి వెళ్ళిపోయేవాళ్ళకే. ఆ ఇంట్లో వాళ్ళకు కుర్చీ అక్కరలేదు.

ఇక్కడ కొత్త పిల్ల వచ్చింది, మల్లీశ్వరి, కడప వైపు. నేను వెళ్ళాక నా పని ఆమెది. నేర్పమన్నారు. నేర్పుతున్నాను. కాఫీలో ఏలకులు ఎంత వేయాలో మాత్రం ఇంకా చెప్పలేదు. చెప్పకపోయినా చూసి నేర్చుకుంది. నిన్న చుట్టాల ముందు అజీజా మామా "ఇవాళ కాఫీ బాగుంది" అంది. ఇన్నేళ్ళలో నాతో ఒకసారీ అనలేదు. బాగుండటం నాకు మామూలే అనుకుందేమో.

అమ్మ మోకాళ్ళకు మందు పంపుతాను. నూనె రాసేది నువ్వే. అది నాకు తెలుసు.

కృపక్క


పెదలంక
8 అక్టోబరు 2008

అక్కా,

ఈసారి వందనాలు చివర్లో పెడతాను, ముందు కడుపులో ఉన్నది చెప్పనీ.

మొన్న ఆదివారం బల్ల. నీ ద్రాక్షే నానబోశాను. నానబోసేటప్పుడే ఏదో వాసన తగిలింది. ఫారిన్ ద్రాక్ష అలాగే ఉంటుందేమో అనుకున్నాను. నువ్వు మంచిదన్నావు, గింజ లేనిదన్నావు. బల్లకు ముందు నోట పెట్టకూడదని అమ్మ నియమం నీకూ తెలుసు. ఒక్క చుక్క కూడా రుచి చూడలేదు. వడకట్టి, చెంబులో పోసి, నీ గుడ్డే కప్పి పట్టుకెళ్ళాను.

అయ్యగారు గిన్నె ఎత్తి ప్రార్థన చేసి ముందు తాను తీసుకున్నారు. ఆయన మొహం కదలలేదు, దైవజనుడు. తరవాత మొదటి వరస తాగింది. నెహెమ్యా గుటక వేసి నా వంక చూశాడు. వెనక బెంచీలోంచి ముసలి ఓబులేసు తాత, నీకు తెలుసుగా ఆయన గొంతు, "ఏంటమ్మాయ్, రసం ఆర్‌సీఎం గుడి మీంచి వచ్చిందా?" అన్నాడు. పిల్లలు నవ్వారు. పోస్టుమాస్టరుగారి భార్య నోటికి కొంగు పెట్టుకుంది. సాంబ్రాణి అక్కా! నోట్లో, ముక్కులో, గుడంతా సాంబ్రాణి. ఆర్‌సీఎం కేథలిక్కులు పొగ వేస్తారు గాని, మన గుడి కట్టిన దగ్గరనుంచి అగరవత్తి కూడా వెలగలేదు.

ఆ రోజు అయ్యగారు ముగింపు ప్రార్థనలో చేతుల సంగతి ఎత్తలేదు. మరచిపోయారో, వదిలేశారో.

బయటికొచ్చాక అందరూ చెప్పులు వెతుక్కుంటూనే ఉన్నారు. ఎంతసేపు వెతుక్కుంటారు? నేను చెంబు పట్టుకొని వాళ్ళ మధ్య నిలబడ్డాను.

నువ్వు కావాలని చేశావని నేను అనను. నెహెమ్యా పెళ్ళాం అంది. "పెద్దొదినగారికి బల్ల కావాలంటే అడిగి తీసుకోవచ్చుగా" అంది. నేను దాన్ని తిట్టాను. తిట్టాక మంచమ్మీద పడుకుంటే అదే మాట తిరుగుతోంది.

నువ్వు వస్తున్నావు, నాకు పేరు పోయింది. రెండూ ఒకేసారి జరిగాయి. నువ్వే చెప్పు, నన్నేమనుకోమంటావు?

వందనాలు.
సూసన్


ఘుబ్రా
24 అక్టోబరు 2008

సూసన్‌కు, కృపక్క.

నీ ఉత్తరం చదివి చాలాసేపు మోకాళ్ళ మీద ఉన్నాను. కోపం తగ్గాక రాస్తున్నాను. పూర్తిగా తగ్గలేదు.

ప్రభువు బల్లలో వేలు పెట్టేదాన్ని కాదు నేను. అది నీకు చెప్పాల్సి రావడమే బాధ.

ఆ రోజు కొన్న ద్రాక్షలో కొంత నా దగ్గర ఉంది, నా పెట్టెలోనే. తీసి వాసన చూశాను. ద్రాక్ష వాసనే. మళ్ళీ చూశాను. ద్రాక్ష వాసనే. ఇక్కడ సాయంత్రాలు లుబాన్ అని పొగ వేస్తారు, మన సాంబ్రాణి లాంటిదే. అది మజ్లిస్‌లో, చుట్టాలు కూర్చునే గదిలో. నా గదిలో ఏ పొగా లేదు.

డబ్బా నీ ఇంట్లో నెల ఉంది. మీ పక్కింటివాళ్ళు శుక్రవారాలు సాంబ్రాణి వేస్తారు. నీ కిటికీ అటే. నేను నింద వేయడం లేదు, చూసుకోమంటున్నాను.

పని బాగా జరిగినన్నాళ్ళు అది నీ చేయి. చెడితే నా డబ్బా.

నెహెమ్యా భార్యను తిట్టినందుకు సంతోషం. అదే మాట నువ్వు రాయకుండా ఉంటే ఇంకా సంతోషించేదాన్ని.

అమ్మ ఎలా ఉంది? రాయలేదు.

కృప


పెదలంక
10 నవంబరు 2008

అక్కకు,

అమ్మ బాగానే ఉంది. ముందు అది రాశాను, మళ్ళీ అడగకుండా.

నా కిటికీ అన్నావు. పక్కింటివాళ్ళు మేడ కట్టి వీధి చివరికి మారి నాలుగు నెలలైంది. నువ్వు సెలవులో వచ్చినప్పుడు వాళ్ళ గృహప్రవేశం బూందీ తిన్నావు. అది కూడా గుర్తు లేదు. ఊరు నీకు అలాగే నిలిచిపోయి ఉంది, నువ్వు వెళ్ళినప్పుడు ఎలా ఉందో అలాగే. నేను కూడా అంతే, చంకలో పిల్లాడితో.

సంఘ పెద్దలు కూర్చున్నారు. నన్ను తప్పు పట్టలేదు, అదే పెద్ద శిక్ష. "సూసనమ్మగారు అలసిపోయారు, కొన్నాళ్ళు విశ్రాంతి" అన్నారు. ఈ నెల బల్ల పోస్టుమాస్టరుగారి భార్య సిద్ధం చేసింది. ఆవిడ రసం పిసకదక్కా. సీసాలో దొరికే స్క్వాష్ తెచ్చి నీళ్ళు కలిపింది. తియ్యగా ఉందని పిల్లలు మళ్ళీ అడిగారు. అయ్యగారు "సిద్ధపరచిన చేతులను" అన్నారు. ఆవిడ కళ్ళు మూసుకొని నవ్వింది. నేను కళ్ళు తెరిచి ఉన్నాను కాబట్టి చూశాను.

ఇంకొకటి రాస్తాను. రాయకూడదనే అనుకున్నాను. నీ ఉత్తరాలు కూడా అదే వాసన. కవరు చించగానే వస్తుంది. నీ చీరలు, అమ్మకు పంపిన దుప్పటి, నెహెమ్యాకు తెచ్చిన బ్యాగు, అన్నీ అదే. మేము ఎప్పుడూ అనలేదు. మస్కట్ వాసన అనుకునేవాళ్ళం. నీ కాగితం వచ్చిన రోజు అమ్మ దాన్ని మొహానికి ఆనించుకొని, "పెద్దది వచ్చిందే" అంటుంది. నేను చదివేదాకా కూడా ఆగదు. రోజంతా దిండు కింద పెట్టుకుంటుంది.

నేను పక్కనే ఉంటాను. నాకు ఏ వాసనా ఉండదు అమ్మకు.

మా అమ్మాయి అంజలికి రెండో కాన్పు. డాక్టరమ్మ మంచం దిగొద్దందట. కాకినాడ వెళ్ళి దాని దగ్గర ఉంటాను. ఇక్కడ నాకు ఆదివారాల పని కూడా లేదుగా.

సూసన్


ఘుబ్రా
28 నవంబరు 2008

చెల్లి సూసన్‌కు,

ఇది కాకినాడకే రాస్తున్నాను. అంజలికి దేవుడు తోడుండాలి. రోజూ ఆ పిల్ల పేరు చెప్పి ప్రార్థన చేస్తున్నాను.

నీ ఉత్తరం తీసుకొని మల్లీశ్వరి దగ్గరికి వెళ్ళాను. చపాతీలు చేస్తోంది. నా పెట్టెలోని ద్రాక్ష ఆమె చేతిలో పోశాను.

"ఏం వాసన వస్తోంది?" అన్నాను.

"అంగడిదా, నీ పెట్టెలోదా?"

"నా పెట్టెలోది."

"ఇంగ అడిగేదేముందిక్కా, లుబాను వాసన" అంది. చూడకుండానే అంది.

"నాకు తెలియడం లేదు" అన్నాను.

ఆ పిల్ల పిండి చేతులతోనే నా వైపు తిరిగింది. "నీకు తెలీదా? నీ చీరలన్నీ అదే గదా. ఈ ఇంట్లో గోడలే ఆ వాసన. నేనొచ్చిన కొత్తల్లో తలకాయ నొప్పి లేస్తాండె. నువ్వు వెనక దోవన నడిచొస్తాంటే ఇంటామె వస్తాందనుకొని ఎన్నిసార్లు లేచి నిలబడినానో. నువ్వని తెలిసినాక మళ్ళీ కూర్చుంటాంటి."

"చెప్పలేదేం?"

"ఏమని చెప్పేది? నీ ముక్కు పోయిందక్కా అనా?"

నవ్వింది. నేనూ నవ్వాల్సింది. గదికి వచ్చి పెట్టె తెరిచి, చీరలన్నీ ఒక్కొక్కటిగా మొహానికి పెట్టుకొని చూశాను. బట్ట వాసన కూడా తెలియలేదు. నువ్వు ఊళ్ళో నీ చేతులు చూసుకున్నట్టు నేను ఇక్కడ నా చీరలు చూసుకున్నాను.

సూసన్, తప్పు నీ కిటికీది కాదు. పాలకొల్లు ద్రాక్షది కాదు. నా పెట్టెది. నేను నిన్ను అనుమానించి ఉత్తరం రాశాను. క్షమించు.

అయ్యగారికి కూడా రాసి ఈ రోజే పోస్టు చేయించాను. సంఘంలో చదవమన్నాను. సూసన్ చేసిన రసం మంచిది, సాంబ్రాణి నాది అని రాశాను. చదివితే నీ పేరు నీకు తిరిగి వస్తుంది.

ఇంతవరకు రాసి కలం పెట్టేయొచ్చు. కాని నువ్వు దాచకుండా రాశావు కాబట్టి నేనూ రాస్తాను. అమ్మ నా కాగితాన్ని మొహానికి పెట్టుకుంటుందని చదివినప్పుడు నాకు సంతోషం కలిగింది. "నాకు ఏ వాసనా ఉండదు" అన్న నీ మాట చదివాక కూడా ఆ సంతోషం పోలేదు. దేవుని ముందు పెట్టాను.

మొన్న అజీజా మామా చెల్లెలు వచ్చి, "కృప వెళ్ళిపోతే ఎలా?" అంది. మామా, "మల్లి ఉంది కదా" అంది. కాఫీ గిన్నెలు కడుగుతూ విన్నాను. నిజమే, ఉంది. నేను ఇక్కడికి వచ్చినప్పుడు నాకంటే ముందు ఒక సింహళ మనిషి ఉండేది. ఆమె పేరు ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక్కడ ఖాళీ చేస్తున్నాను. అక్కడ నేను కూర్చోవలసిన చోట నువ్వు ఉన్నావు. కోపంతో రాయడం లేదు. ఉన్నది రాస్తున్నాను.

నీ అక్క
కృప


కాకినాడ
15 డిసెంబరు 2008

అక్కకు వందనాలు.

అంజలి మంచం మీదే ఉంది. పెద్ద పిల్ల నా కాళ్ళకు చుట్టుకొని రాయనివ్వడం లేదు, అందుకని గీతలు వంకర.

నెహెమ్యా ఫోన్ చేశాడు. నీ కాగితం అయ్యగారు గుళ్ళో చదివారట. ఓబులేసు తాత లేచి నిలబడి, "ఆ రోజు నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా, ఆర్‌సీఎం కాదు, అరబ్బు" అన్నాడట. అందరూ నవ్వారట. నేను లేను. నేను లేని రోజే నా పేరు బాగుపడింది, చూశావా.

క్షమించమన్నావు. క్షమించాను అని రాయడం తేలిక, రాస్తున్నాను. నువ్వు క్షమాపణ చెప్పిన తీరు కూడా ఊరంతా మెచ్చుకుందట. "ఎంత పెద్ద మనసు కృపమ్మగారిది" అని. తప్పు చేసినా పేరు నీకే వస్తుంది. ఇది కోపం కాదు, నువ్వన్నట్టు ఉన్నది రాస్తున్నాను.

బల్ల నువ్వే తీసుకో. నాకొద్దు. పోస్టుమాస్టరుగారి భార్య చేతిలోంచి ఎలా తీసుకుంటావో చూస్తాను. ఆవిడ అప్పుడే రెండు స్క్వాష్ సీసాలు కొనిపెట్టుకుందట.

నాకొద్దని రాసి, పైన ఆ మాట మీద వేలు పెట్టి కూర్చున్నాను. చెరిపేద్దామనుకున్నాను. ఇంకు పెన్ను.

సూసన్

అమ్మ దిండు కింద నీ ఉత్తరాల పక్కన నాదొకటి పెట్టమని నెహెమ్యాతో చెప్పాను. కాకినాడ వాసన వస్తుందేమో.


ఘుబ్రా
2 జనవరి 2009, శుక్రవారం

చెల్లి సూసన్‌కు, అంజలికి, ఇంకా పుట్టని బిడ్డకు దేవుడు ఈ ఏడు కాపుదల ఇవ్వాలి.

నిన్న సాయంత్రం ఊళ్ళో మనవాళ్ళు కూర్చున్నారు. నెహెమ్యా నీకు ఫోన్ చేస్తానన్నాడు. వద్దు, నేను రాస్తానన్నాను. ఫోనులో అయితే నువ్వు మధ్యలో మాట్లాడతావు.

కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక అయ్యగారు నెహెమ్యాను ఆపి, "బల్ల మీ ఇంటికే తిరిగి రావాలని సంఘం కోరిక. కాని ఒక్కరి పేరు చెప్పండి, ఇద్దరివి వద్దు" అన్నారట. పోస్టుమాస్టరుగారి భార్య స్క్వాష్ తాగి ఇద్దరు పెద్దలకు షుగరు పెరిగిందట. అది కూడా ఒక కారణం.

నేను పెద్ద కార్డు కొన్నాను. నెహెమ్యా సెల్లు చాప మధ్యలో పెట్టి అందరికీ వినబడేలా నొక్కాడు.

"అక్కా, వినబడతందా? వరస ప్రకారం నీ పేరే చెప్పేద్దాం. ఇందులో అనుకోడానికేముంది?" అన్నాడు.

మరదలు వెనకనుంచి, "సూసన్ వదినగారు కాకినాడలో విన్నారంటే నా జుట్టు ఉండదు" అంది.

"ఆ డబ్బాలోంచి పెద్దది వింటందా?" అమ్మ అంది.

"వింటున్నానమ్మా."

"బల్ల నాకెవరిచ్చారనుకున్నావే? మా అమ్మదా, మీ నానమ్మదా? బడి మేస్టారమ్మ చేసేది. ఓ శనివారం ఆవిడకి జొరమొచ్చింది. ఆవిడ లేచేదాకా చూసుకోమన్నారు. చూసుకున్నాను."

"ఆవిడ లేవలేదా?" అన్నాడు నెహెమ్యా.

"లేవకేం? పై నెలే లేచింది. వచ్చి అడిగింది. అప్పటికే ద్రాక్ష నానబోశాను, పొమ్మన్నాను."

"అమ్మా! పాపం కాదూ?"

"పాపమే. పోయేదాకా ఆవిడ గుళ్ళో నా చేతుల వంకే చూసేది. నేనూ కనబడేలాగే పెట్టేదాన్ని."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ నవ్వులో నీ గొంతు లేదని తెలుస్తూనే ఉంది.

అమ్మ మళ్ళీ అంది: "అది పెద్దదాని వరసా కాదు, చిన్నదాని వరసా కాదే. శనివారం చీకటితో లేచినదాని వరస. నువ్వు అక్కడ లేచావు. అది ఇక్కడ లేచింది."

కార్డు అయిపోతోందని మధ్యలో ఆడమనిషి గొంతు చెప్పింది. అయినా అడిగాను. "అమ్మా, జూలైలో ఆ రోజు పెద్దమ్మాయ్ అని ఎవరిని పిలిచావు? మూత ఎవరిని తెమ్మన్నావు?"

"ఎవరు తెస్తే ఏంటే, ఈగలొస్తంటే!" అంది.

అరబిక్‌లో ఇంకోసారి చెప్పింది ఆ గొంతు. నెహెమ్యా, "అక్కా, తొందరగా చెప్పు, ఎవరి పేరు?" అన్నాడు.

నీ పేరు చెప్పాను. గొప్ప మనసుతో చెప్పలేదు సూసన్. ఊరంతా మళ్ళీ మెచ్చుకుంటారేమో, మెచ్చుకోనీయకు. మల్లీశ్వరి పక్కనే నిలబడి ఏలకులు దంచుతోంది. రేపు నేను వెళ్ళాక ఆమె చేతిలోంచి నేను తిరిగి అడిగితే ఎలా ఉంటుందో కనబడింది. అందుకని చెప్పాను.

అనుకున్నవి ఇవి. బల్ల నీ పేరున ఉంటుంది, అయ్యగారికి నెహెమ్యా నిన్ననే చెప్పి వచ్చాడు. ద్రాక్ష పాలకొల్లుదే. నేను తెచ్చే సామాను ఒక్కటీ వంటింట్లో పెట్టకూడదు, చీరలు అన్నీ ఎండలో వారం ఆరాక గాని నేను ఆ వంటింటి గడప తొక్కకూడదు. ఇది మరదలి మాట. అందరూ సరే అన్నారు, నేనూ అన్నాను. అమ్మ ఒక చీర మాత్రం ఆరేయకుండా తనకిమ్మంది.

నువ్వు బాలింతను చూసుకొని వచ్చేసరికి ఏప్రిలో, మేనో అవుతుంది. నేను మార్చిలో దిగుతాను. నడిమి ఆదివారాలు స్క్వాష్‌కు వదలొద్దని అందరి మాట. నా ముక్కు పనిచేయదు కాబట్టి, నేను పిసికినది ప్రతిసారీ మరదలు వాసన చూశాకే గుడికి వెళ్తుంది.

నువ్వు వచ్చేదాకా నేను చూసుకుంటాను.

అంజలిని తొందరపడి వదిలి రాకు. బిడ్డకు ఐదో నెల నిండనీ. పిల్ల కోసమే చెబుతున్నాను అని రాయబోయాను. సగం పిల్ల కోసమే.

కృపక్క